బ్రిక్కులతో రోమన్ గుడి: ఏ గుడి, ఎంత సైజు, ఏ స్తంభం?

నేను మొదటిసారి లెగో బ్రిక్కులతో కట్టిన రోమన్ గుడిని చూసి మా అమ్మాయి "బస్‌స్టాప్ బాగుంది నాన్నా" అంది. తను వెక్కిరించలేదు, నిజంగానే అలా ఉంది. నాలుగు పొట్టి స్తంభాలు, మధ్యలో ఆటో పట్టేంత సందు, పైన పెంకుటింటి కప్పులా నిటారు వాలు. కొలతలు చూడకుండా, ఇంట్లో ఉన్న బ్రిక్కులతో కుదిరినట్టు కట్టేస్తే అంతే మరి.

ఆ తర్వాత రెండు మూడు గుళ్ళు కట్టాను, విప్పాను, మళ్ళీ కట్టాను. ఈ పనిలో దిగేవాళ్ళకు నా మొదటి సలహా కొంచెం తలకిందులుగా అనిపించవచ్చు. గుడి సైజు నిర్ణయించుకుని దానికి తగ్గ స్తంభం వెతక్కండి. ముందు స్తంభం ఎంచుకోండి, గుడి సైజు అదే చెబుతుంది. ఎందుకో చెబుతాను. దానికి ముందు రోమన్ గుడి ఎలా ఉంటుందో ఒక్క మాట.

చాలామంది రోమన్ గుడి కడుతున్నామనుకుంటూ ఏథెన్స్ పార్థెనాన్ ఫొటో ముందు పెట్టుకుంటారు. అది గ్రీకు గుడి. గ్రీకు గుడికి చుట్టూ మెట్లే, ఎటు నుంచైనా ఎక్కవచ్చు. రోమన్ గుడి మన గుళ్ళలాగా ఎత్తయిన అధిష్ఠానం మీద కూర్చుంటుంది. మెట్లు సాధారణంగా ముందువైపు మాత్రమే. మెట్లెక్కితే లోతైన ముఖమండపం, దాని వెనక గర్భగుడి. వెనక నుంచి చూస్తే చాలా గుళ్ళు మూసిన పెట్టెలే. పక్కగోడల మీద స్తంభాలున్నట్టు కనిపించినా, తరచుగా అవి గోడలోంచి సగం బయటికి వచ్చిన అర్ధస్తంభాలే. బ్రిక్కులతో కట్టేవాళ్ళకు ఇది మంచి వార్తే. వెనక్కి, పక్కలకు గోడ ఉంటే కప్పు బరువు మోయడానికి ఢోకా ఉండదు.

స్తంభమే స్కేలు

రోమన్లు ఎక్కువగా వాడిన కొరింథియన్ స్తంభం (తలకట్టులో ఆకులు చెక్కినది) ఎత్తు దాని మందానికి సుమారు పది రెట్లు. బ్రిక్కుల లోకంలో స్తంభానికి బాగా పనికొచ్చే గుండ్రటి మందాలు మూడే: 3.2 మిల్లీమీటర్ల బార్ (సన్నటి కడ్డీ), ఒక స్టడ్ వెడల్పున్న 8 మి.మీ. రౌండ్ బ్రిక్, రెండు స్టడ్ల వెడల్పున్న 16 మి.మీ. రౌండ్ బ్రిక్. స్టడ్ అంటే బ్రిక్ నెత్తిన ఉండే బొడిపె. బొడిపె నుంచి బొడిపెకు దూరం 8 మి.మీ., బ్రిక్ ఎత్తు 9.6 మి.మీ., ప్లేటు ఎత్తు 3.2 మి.మీ. మూడు ప్లేట్లు ఒక బ్రిక్.

అంటే మీ స్తంభం ఎత్తు 3.2 సెంటీమీటర్లు, 8 సెం.మీ., 16 సెం.మీ. ఈ మూడింటిలో ఒకటి. మధ్యలో ఏదో ఎత్తు పెడదామంటే స్తంభం బక్కచిక్కినట్టో, ఊరి చివర నీళ్ళ ట్యాంకు కాలులాగో కనిపిస్తుంది. నా బస్‌స్టాప్‌లో జరిగింది అదే. 16 మి.మీ. మందం పెట్టి 8 సెం.మీ. ఎత్తు దగ్గర ఆపేశాను.

ఫ్రాన్స్ దక్షిణాన నీమ్ నగరంలో ఉన్న మైసాన్ కారే మీద ఈ లెక్క వేసి చూద్దాం. ఇప్పటికీ దాదాపు చెక్కుచెదరకుండా నిలిచిన రోమన్ గుళ్ళలో ఇదొకటి. రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలంలో కట్టి, ఆయన దత్తపుత్రులైన మనవళ్ళు గైయస్, లూసియస్‌లకు అంకితమిచ్చారు. 2023లో యునెస్కో జాబితాలో చేరింది. పొడవు 26.42 మీటర్లు, వెడల్పు 13.54 మీటర్లు, అధిష్ఠానం ఎత్తు 2.85 మీటర్లు. స్తంభాల ఎత్తు 9 మీటర్లకు కొంచెం అటూఇటూ, కాబట్టి మందం 90 సెం.మీ. అనుకుందాం.

బార్‌ను స్తంభంగా పెడితే స్కేలు సుమారు 1:280. గుడి ఆరు స్టడ్ల వెడల్పు, పన్నెండు స్టడ్ల పొడవు. అరచేతిలో పడుతుంది. ఒక స్టడ్ రౌండ్ బ్రిక్ పెడితే 1:112, అంటే 15 స్టడ్ల వెడల్పు, 30 స్టడ్ల పొడవు. మామూలు 32×32 బేస్‌ప్లేటు మీద హాయిగా పడుతుంది. రెండు స్టడ్ల బ్రిక్ పెడితే 1:56. వెడల్పు 30 స్టడ్లు, పొడవు 59. రెండు బేస్‌ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి పెట్టాలి, గుడి దాదాపు అర మీటరు పొడవొస్తుంది.

వీటిలో ఏది? చిన్నది ఒక్క సాయంత్రం పని, ఆఫీసు టేబుల్ మీద బాగుంటుంది. అంతకుమించి దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అసలు తేల్చుకోవలసింది 1:112, 1:56 మధ్యనే.

1:112లో పేచీ స్తంభాల మధ్య దూరంతో వస్తుంది. ముందువైపు ఆరు స్తంభాలు, అంటే ఐదు సందులు. 15 స్టడ్ల వెడల్పులో స్తంభం నడుమ నుంచి పక్క స్తంభం నడుమకు రెండున్నర స్టడ్లు రావాలి. ఆ అర స్టడ్ కోసం నడిమధ్యన ఒకే బొడిపె ఉండే జంపర్ ప్లేటు వాడాలి. ఒక స్తంభం మామూలు బొడిపె మీద, తర్వాతది జంపర్ మీద, అలా ఒకటి విడిచి ఒకటి. జంపర్ల బాధ ఎందుకని ఆ దూరాన్ని మూడు స్టడ్లకు పెంచారా, గుడి వెడల్పు పెరిగి మరుగుజ్జులా తయారవుతుంది. పక్కగోడల అర్ధస్తంభాలు కూడా ఈ సైజులో నిజంగా సగం పూడినట్టు చేయలేం. రెండు స్తంభాల మధ్య మిగిలేది ఒకటిన్నర స్టడ్, అందులో పట్టే బ్రిక్ లేదు. గోడను ఒక స్టడ్ వెనక్కి జరిపి, పూర్తి స్తంభాలను దానికి ఆనించి నిలబెట్టడమే మార్గం. రెండడుగుల దూరం నుంచి ఎవరూ కనిపెట్టలేరు.

1:56లో ఇదంతా సాఫీగా సర్దుకుంటుంది. నడుమ నుంచి నడుమకు దూరం కచ్చితంగా ఐదు స్టడ్లు. అందులో రెండు స్తంభానివి, మూడు గోడవి. మూడు స్టడ్ల గోడముక్కను స్తంభం వెనక సగంతో సరిగ్గా కలిపితే ముందు సగం బయటికి వస్తుంది, నీమ్‌లో ఉన్నట్టే. ఇంకో ముచ్చట కూడా ఉంది. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ గుడి మెట్లు బేసి సంఖ్యలో ఉండాలన్నాడు. మొదటి మెట్టు మీద కుడికాలు పెడితే పైకి చేరేటప్పుడు కూడా కుడికాలే పడాలని. కొత్తకోడలితో గడప మీద కుడికాలు ముందు పెట్టించే మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మైసాన్ కారేకు మెట్లు 15. 1:56లో అధిష్ఠానం ఎత్తు సుమారు 51 మి.మీ. రావాలి. 15 ప్లేట్లు పేరిస్తే 48 మి.మీ. మెట్టుకో ప్లేటు, సరిగ్గా 15 మెట్లు! ఇది లెక్క తేలిన రోజు నేను రాత్రి ఒంటిగంట దాకా మెట్లే కట్టాను. 1:112లో అలా కుదరదు. అక్కడ తొమ్మిది ప్లేట్ల ఎత్తు, తొమ్మిది మెట్లు పెట్టండి. మూడు మి.మీ. ఎక్కువైనా బేసి సంఖ్య నిలుస్తుంది.

మరి 1:56 ఎందుకు వద్దనుకోవాలి? డబ్బు. మైసాన్ కారేకు మొత్తం 30 స్తంభాలు, వాటిలో 20 గోడలో కలిసినవే. స్తంభానికి 15 చొప్పున రెండు స్టడ్ల రౌండ్ బ్రిక్కులే 450 కావాలి. గోడలు, కప్పు, అధిష్ఠానం ఇంకా మొదలే కాలేదు. అధిష్ఠానం లోపల కనపడని చోట ఇంట్లో ఉన్న ఎర్ర, పచ్చ, నీలం బ్రిక్కులన్నీ పడేయండి. అయినా ఖర్చు చిన్నదేం కాదు. మొదటి గుడి అయితే 1:112 చాలు. ఒకటి కట్టాక, ఇక వదలదు అనిపిస్తే 1:56కి వెళ్ళండి.

నాలుగు గుళ్ళు, నాలుగు రకాల కష్టం

మైసాన్ కారే గురించి ఇంత చెప్పాను కాబట్టి నా మొగ్గు ఎటో తెలిసే ఉంటుంది. అయినా మిగతావాటి గురించి కూడా వినండి. మీ ఓపిక, మీ పర్సు నాలాంటివి కాకపోవచ్చు.

బడ్జెట్ తక్కువైతే రోమ్‌లో టైబర్ నది ఒడ్డునున్న పోర్టూనస్ గుడి. ముందు నాలుగే స్తంభాలు, వాటి వెనక మూలల్లో మరో రెండు. మిగతావన్నీ గోడలో కలిసిన అర్ధస్తంభాలు. చిన్నది, ముచ్చటైనది. ఒకే చిక్కు, దీని స్తంభాలు అయానిక్ రకం. తలకట్టులో పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగి ఉంటాయి. ఒక స్టడ్ సైజులో ఆ చుట్టలు రావాలంటే, రెండు ఎదురు పక్కల బొడిపెలున్న 1×1 బ్రిక్‌ను స్తంభం నెత్తిన పెట్టి, ఆ బొడిపెలకు గుండ్రటి టైల్స్, అంటే పైన బొడిపెల్లేని పలుచని ముక్కలు, తొడగాలి. కొంచెం మిక్కీ మౌస్ చెవుల్లా కనిపిస్తాయన్నది నిజమే. కానీ ఆరు స్తంభాలూ వరసగా నిలబడ్డాక బాగానే నప్పుతాయి. కొరింథియన్ తలకట్టుకైతే ఇంత శ్రమ లేదు. ఆకుల అంచున్న గుండ్రటి ప్లేటు, దాని మీద చదరపు ప్లేటు, అయిపోయింది.

పోర్టూనస్‌కు కూతవేటు దూరంలోనే గుండ్రటి హెర్క్యులిస్ విక్టర్ గుడి ఉంది. వ్యాసం 14.8 మీటర్లు, చుట్టూ 10.66 మీటర్ల ఎత్తున్న 20 కొరింథియన్ స్తంభాలు. వాటిలో ఒకటి ఇప్పుడు లేదు. ఫొటోలో చూస్తే నాలుగింటిలోనూ ఇదే అందమైనది. కట్టడానికి దిగితే ఏడిపించేది కూడా ఇదే. బ్రిక్ లోకమంతా చదరపు గళ్ళు, ఈ గుడిలో ప్రతి స్తంభం 18 డిగ్రీలు తిరిగి ఉండాలి. స్తంభానికో చిన్న హింజ్ ప్లేటు (తలుపు బందులా తిరిగే ముక్క) పెట్టి, ఇరవైని గొలుసులా కలిపి వలయం చేయడం ఒక పద్ధతి. అది వదులుగా ఉంటుంది, నడుమ గర్భగుడి గోడకు కట్టకపోతే పెట్టిన చోట నిలవదు. చాలామంది 16 స్తంభాలతో సరిపెడతారు, కోణాలు తేలిగ్గా కుదురుతాయని. నాకది నచ్చదు. గుండ్రటి గుడిలో స్తంభాల దట్టమే అందం. నాలుగు తీసేస్తే అది పార్కులో కూర్చునే మంటపంలా ఉంటుంది. పైగా ఈ గుడి అసలు పైభాగం, అంటే స్తంభాల మీది దూలం, కప్పు, రెండూ పోయాయి. ఇప్పుడున్న పెంకు కప్పు తర్వాతి కాలానిది. కట్టేవాడు తన ఊహతో కప్పు వేసుకోవాలి లేదా నేటి రూపాన్నే కట్టాలి. రెండోదే నిజాయితీ అని నా అభిప్రాయం.

ఇక రోమ్‌లోని పాంథియాన్. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన ఈ గుడి పేరెత్తగానే అందరూ గుమ్మటం గురించే భయపడతారు. లోపలి వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి నడినెత్తిన ఉన్న రంధ్రం దాకా ఎత్తు కూడా అంతే. బంతి సరిగ్గా పట్టేంత గది. కానీ బయటి నుంచి చూస్తే గుమ్మటం పూర్తి అర్ధగోళం కాదు. బోర్లించిన మూకుడులా తక్కువ ఎత్తులో ఉంటుంది, అడుగున మెట్లమెట్లుగా వలయాలుంటాయి. ప్లేట్లతో గుండ్రంగా పేర్చుకుంటూ పోతే సహజంగా వచ్చేది కూడా మెట్లమెట్ల ఆకారమే! మామూలుగా బ్రిక్ గుమ్మటంలో లోపం అనిపించే మెట్టు ఇక్కడ అసలు కట్టడంలోనే ఉంది. నిజమైన కష్టం కింది గుండ్రటి గోడది. 1×2 బ్రిక్కుల మధ్య 1×1 రౌండ్ బ్రిక్కులు కలిపి వరసలు పేరిస్తే గోడ కొంచెం కొంచెంగా వంగుతుంది, పెద్ద వలయానికి అది చాలు.

దీని మండపంలో 16 స్తంభాలు, ముందు వరసలో ఎనిమిది. ఈజిప్టు నుంచి తెచ్చిన గ్రానైట్ ఏకశిలలు, ఒక్కొక్కటి సుమారు 12 మీటర్లు, మందం మీటరున్నర. ఒక స్టడ్ స్తంభంతో లెక్కేస్తే స్కేలు 1:188, గోడల మందంతో కలిపి గుండ్రటి భాగమే 30 సెం.మీ. వస్తుంది. రెండు స్టడ్ల స్తంభంతో 60 సెం.మీ. అప్పుడు డైనింగ్ టేబుల్ మీద ఆశ వదులుకోవాలి. పాంథియాన్‌కు చిన్న స్కేలే మేలు. ఒకవేళ లోపలి గుంతల గళ్ళు కూడా చూపాలనుకుంటే, వరసకు 28 చొప్పున ఐదు వరసలు, గుడిని నిలువునా సగానికి కోసినట్టు కట్టండి. లోపల కష్టపడి కట్టి పైన మూసేస్తే ఎవరికీ కనపడదు, మీకు తప్ప.

కప్పు, రంగు

నేను ఇక్కడే ఎక్కువ తప్పులు చేశాను. వాలు బ్రిక్కుల్లో సులువుగా దొరికేవి 45 డిగ్రీలవి. వాటిని వాడితే మైసాన్ కారే స్విట్జర్లాండ్ పల్లెలో ఇల్లులా తయారవుతుంది. 33 డిగ్రీలవి ఫర్వాలేదు, కాస్త నిటారే. 18 డిగ్రీలవి కాస్త చదును. నా ఓటు మూడో దారికి. కప్పును రెండు పలకలుగా విడిగా కట్టి, నడిమి వెన్ను దగ్గర హింజులతో కలిపి, కావలసిన వాలులో వాల్చడం. ముందువైపు త్రిభుజం అంచు కూడా అదే కోణంలో వాలిన టైల్స్‌తో వస్తుంది. త్రిభుజం లోపల మిగిలే చిన్న చిన్న సందులను చీజ్ స్లోపులు అనే చిట్టి వాలు ముక్కలతో పూడ్చవచ్చు. పూర్తిగా పూడవు, అలవాటు పడాలి.

కప్పు పైన రోమన్లు పరిచింది అంచులు లేపిన చదును పెంకులు, రెండు పెంకుల అతుకు మీద బోర్లించిన గూనపెంకులు. మన పాత ఇళ్ళ మీద గూనపెంకుల వరసలు చూసినవాళ్ళకు ఆ చారలు కళ్ళకు కడతాయి. చారలున్న గ్రిల్ టైల్స్‌ను వాలు దిశలో పరిస్తే సరిగ్గా ఆ భావం వస్తుంది. ఇటుక ఎరుపుకు దగ్గరగా ముదురు నారింజ బాగుంటుంది, దొరక్కపోతే ఎరుపుగోధుమ. పాంథియాన్ గుమ్మటానికి మాత్రం ఎరుపు వేయకండి. దాని మీద కంచు రేకులుండేవి, 663లో చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ వాటిని ఊడదీయించాడు. ఆనాటి రూపం కావాలంటే బంగారు రంగు, నేటి రూపం కావాలంటే బూడిద.

గోడలకు తెలుపా, లేత గోధుమా? తెలుపులో ముక్కల రకాలు ఎక్కువ. అయితే ఎండ తగిలే చోట తెల్ల ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, అన్నీ ఒకేలా ఎక్కవు. కొత్తవి, పాతవి కలిపి కట్టిన నా గోడ ఇప్పుడు సగం పాలు, సగం మీగడ. లేత గోధుమరంగు పాతరాయిలా కనిపిస్తుంది, మాసినా తెలియదు. శిథిలాల రూపానికి గోధుమ, కొత్తగా కట్టిన రోజు రూపానికి తెలుపు అనుకోండి. రోమన్ గుళ్ళ మీద రంగులు కూడా ఉండేవి కాబట్టి తలకట్టుల దగ్గర ఒక గీత నీలమో ఎరుపో వేస్తే తప్పు కాదు.

కొనే ముందు

ముందు కంప్యూటర్లో కట్టండి. విడి బ్రిక్కులు అమ్మే వెబ్‌సైట్ బ్రిక్‌లింక్ వాళ్ళ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ముక్కల జాబితా కూడా అదే ఇస్తుంది. తెర మీద ఒక జాగ్రత్త: సాఫ్ట్‌వేర్లో ఏ ముక్కకైనా ఏ రంగైనా వేయవచ్చు, కానీ ఆ ముక్క ఆ రంగులో తయారై ఉండాలి కదా. గ్రీకు స్తంభంలా నిలువు చారలున్న 2×2 రౌండ్ బ్రిక్ ఒకటుంది, నంబరు 92947. అది మీకు కావలసిన రంగులో, కావలసినన్ని దొరుకుతాయని తేలాకే మిగతా డిజైన్ చేయండి. దొరక్కపోతే చారలు లేని 3941.

అమెరికాలోనో యూరప్‌లోనో ఉండేవాళ్ళకు విడి బ్రిక్కులు తెప్పించుకోవడం తేలిక. హైదరాబాద్, విజయవాడల్లో కూర్చుని విదేశీ షాపు నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ కలిపి బ్రిక్కుల ధరను దాటిపోవచ్చు. నాలుగు షాపుల నుంచి నాలుగు పార్సిళ్ళు కాకుండా, ధర కొంచెం ఎక్కువైనా ఒకే షాపులో ఎక్కువ ముక్కలు దొరికేలా డిజైన్‌నే మార్చుకోవడం నయం. వేరే కంపెనీల చవక బ్రిక్కులు వాడవచ్చా అంటే, అధిష్ఠానం లోపల నింపడానికి నిరభ్యంతరంగా. స్తంభాలకు వద్దు. పట్టు తేడా ఉంటే పదహారు సెంటీమీటర్ల స్తంభం ఒరుగుతుంది, పైగా రెండు కంపెనీల తెలుపు ఒకటి కాదు. ఏ కంపెనీవైనా పెద్ద స్తంభాల నడుమ రంధ్రంలో యాక్సిల్ అనే పొడవాటి కడ్డీ దూర్చండి. నేను దూర్చని రోజున ఫ్యాన్ తుడవడానికి టేబుల్ కొంచెం జరిపాం. మొదటి స్తంభం పక్కదాని మీద పడింది, అది దాని పక్కదాని మీద, మిగతా కథ మీకు తెలుసు.

మైసాన్ కారే కడితే చివరిగా తేల్చుకోవలసింది దూలం మీది శాసనం. దాని కంచు అక్షరాలు ఎప్పుడో ఊడిపోయాయి, మేకుల రంధ్రాలే మిగిలాయి. 1758లో జాన్ ఫ్రాన్స్వా సేగియే అనే పండితుడు ఆ రంధ్రాల వరసను బట్టే అక్షరాలు ఊహించి, గుడి ఎవరికి అంకితమో చదివాడు. అక్షరాల స్టిక్కర్ వేయడం ఒక పద్ధతి. నేను వేయలేదు. ముఖాన రంధ్రమున్న 1×1 బ్రిక్కులు నాలుగైదు మామూలు బ్రిక్కుల మధ్య అక్కడక్కడా పెట్టాను. అడిగినవాళ్ళకు సేగియే కథ చెబుతాను, అడగనివాళ్ళు డిజైన్ అనుకుంటారు.

పెద్ద ఆర్డర్ పెట్టే ముందు ఒక్క సందు మాత్రం కట్టి చూడండి. రెండు స్తంభాలు, వాటి కింద అధిష్ఠానం ముక్క, పైన దూలం ముక్క. ఖర్చు కొద్దిగానే అవుతుంది. దాన్ని రెండు రోజులు టీవీ పక్కన పెట్టి, ఇంట్లోవాళ్ళను "ఇదేంటో చెప్పండి" అని అడగండి. గుడి అన్నారా, ఆర్డర్ పెట్టేయండి. బస్‌స్టాప్ అంటే మళ్ళీ స్తంభం దగ్గరికి రండి.